మనవాడే కదా అనుకోకముందు: మందిరంలో వాలంటీర్లతో పిల్లల భద్రత ఒప్పందం రాసుకునే విధానం

మే నెలలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు బడి) పెట్టిన వారం రోజులూ మందిరం ఎలా ఉంటుందో అమలాపురం వైపైనా, నరసాపురం వైపైనా, భీమవరం చుట్టుపక్కలైనా సంఘానికి వెళ్లే వాళ్లందరికీ తెలుసు. ఉదయం ఎనిమిది కొట్టేసరికి వాకిలి నిండా పిల్లలు. సగం మంది మన సంఘం వాళ్లే కారు. పక్క పేట నుంచి, గోదావరి లంకల నుంచి, స్నేహితులతో కలిసి వచ్చేవాళ్లే ఎక్కువ. పాటలు నేర్పడానికి, ఆటలాడించడానికి, మజ్జిగ పంచడానికి, సాయంత్రం ఆటోల్లో ఇళ్ల దగ్గర దింపడానికి మనుషులు కావాలి. "మా తమ్ముడు కీబోర్డ్ వాయిస్తాడండీ, రమ్మననా?" అని ఒకరంటారు. "మా బావ ఊళ్లోనే ఉన్నాడు, ఆటల సంగతి వాడు చూసుకుంటాడు" అని ఇంకొకరు. అలాగే వస్తారు. నేను సండే స్కూల్ బాధ్యత తీసుకున్న తొలి ఏళ్లలో అలా వచ్చినవాళ్లను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అందరూ మనవాళ్లే కదా అనుకున్నాను.

ఒక ఏడాది తొమ్మిదేళ్ల పాప ఒకటి, బండి మీద ఇంటి దగ్గర దింపుతానన్న ఒక వాలంటీరుతో వెళ్లనని పందిరి గుంజ పట్టుకుని ఏడ్చింది. "అన్నయ్యే కదమ్మా, ఎక్కు" అన్నాం అందరం. మర్నాటి నుంచి ఆ పాప రాలేదు. వాళ్లమ్మ మస్కట్‌లో పనిచేస్తోంది, పాప అమ్మమ్మ దగ్గర ఉంటోంది. ఆ పెద్దావిడ ఏమీ చెప్పలేదు, నేనూ గట్టిగా అడగలేదు. ఏం జరిగిందో, అసలు ఏమైనా జరిగిందో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. కానీ "ఏ పిల్లనూ ఒంటరిగా బండి మీద పంపకూడదు" అన్న నియమం ఆరోజు కాగితం మీద ఉండి ఉంటే, ఆ అబ్బాయి మంచివాడా చెడ్డవాడా అని ఎవరూ తేల్చాల్సిన అవసరమే వచ్చేది కాదు. పాప ఏడవాల్సిన పనీ ఉండేది కాదు.

ఒప్పందం వల్ల వచ్చే మేలు అదే. మనకు ఇష్టమైన మనిషి ఎదురుగా నిలబడినప్పుడు మనం సరిగ్గా నిర్ణయించలేం. ఎవరి ముఖమూ గుర్తురాని రోజున, చల్లగా కూర్చుని, ముందే నిర్ణయించుకుని రాసుకోవాలి. ఆ రాసుకునే పని ఎలా చేయాలో, మా సంఘంలో చేసిన వరసలోనే చెబుతాను.

మొదటి పని: పిల్లల దగ్గరికి ఎవరెవరు వస్తున్నారో రాయండి

ఒక నోటుబుక్కు తీసుకుని ఆదివారం ఉదయం నుంచి రాత్రి వరకు పిల్లలతో ఎవరెవరు ఉంటున్నారో రాయండి. సండే స్కూల్ టీచర్లు, యవ్వనస్థుల లీడర్లు వెంటనే గుర్తొస్తారు. మర్చిపోయేది మిగతావాళ్లను. క్వయర్ ప్రాక్టీసుకు వచ్చే డ్రమ్స్ అబ్బాయి, మైక్ సెట్ చూసే అతను, ఆటో నడిపే విశ్వాసి, ప్రేమవిందు వంటవాళ్లు, మందిరం వెనక గదిలో పడుకునే కాపలా మనిషి, ఉజ్జీవ కూటాలకు వచ్చి పాస్టర్ గారింట్లో వారం రోజులుండే బయటి ప్రసంగీకుడు. ఈ లిస్టు రాసినప్పుడు నాకు తట్టని పేరు పాస్టర్ గారిదే. సంఘంలో పిల్లలందరి ఇళ్లలోకి తలుపు తట్టకుండా వెళ్లగలిగేది ఆయన ఒక్కరే. ఆయన పేరు లిస్టులో మొదట ఉండాలి.

రెండో పని: చట్టం ఏమంటుందో కమిటీ అంతా ఒకసారి వినాలి

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. 18 ఏళ్లు నిండని వాళ్లందరూ, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, దాని కిందికి వస్తారు. కమిటీకి ముఖ్యంగా తెలియాల్సినవి నాలుగు సంగతులు.

19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు గానీ, జరగబోతోందని భయం ఉన్నవాళ్లు గానీ పోలీసులకు చెప్పి తీరాలి. "మాకెందుకులే" అనే వీలు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ. సంస్థకు బాధ్యుడై ఉండి, తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని చెప్పకుండా ఉంటే ఏడాది వరకు జైలు, జరిమానా. సంస్థ ఏ పేరుతో ఉన్నా వర్తిస్తుందని చట్టంలోనే ఉంది కాబట్టి, సంఘ కాపరికి, ప్రెసిడెంటుకు, సెక్రటరీకి ఇది నేరుగా తగులుతుంది. మూడోది, మత సంస్థ నిర్వహణలో గానీ సిబ్బందిలో గానీ ఉన్నవాళ్లు ఆ సంస్థలోని పిల్లల మీద నేరం చేస్తే చట్టం దాన్ని మామూలు నేరం కంటే తీవ్రమైనదిగా చూస్తుంది, శిక్ష కూడా ఎక్కువ. నాలుగోది ధైర్యం ఇచ్చేది: మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద దాని వల్ల ఏ కేసూ ఉండదు.

దీన్ని చదివి వినిపించడానికి ఊళ్లో వకీలు గారెవరైనా ఉంటే పిలవండి. లేదా మహిళా పోలీసును పిలవండి. మా కమిటీలో మొదట కొంచెం టెన్షన్ పడ్డారు. ఆ టెన్షన్ అవసరమే.

మూడో పని: ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ఇద్దరి పేర్లు ఖాయం చేయండి

ఇద్దరిలో ఒకరు తప్పకుండా స్త్రీ అయి ఉండాలి. ఇద్దరిలో ఎవరూ పాస్టర్ గారి కుటుంబం కాకూడదు. మన దగ్గర చాలా స్వతంత్ర సంఘాల్లో అయ్యగారు కాపరి, అమ్మగారు స్త్రీల సమాజం, పెద్దబ్బాయి యవ్వనస్థుల లీడరు, కోడలు సండే స్కూలు. తప్పు పట్టడం లేదు, వాళ్లు కష్టపడి కట్టుకున్న సేవ అది. కానీ ఫిర్యాదు ఆ ఇంటి మీదే వస్తే పిల్ల ఎవరితో చెప్పుకోవాలి? టీచరుగా రిటైరైన ఒక ఆవిడ, పీహెచ్‌సీలో పనిచేసే నర్సు, అంగన్‌వాడీ కార్యకర్త లాంటి వాళ్లు ఈ పనికి బాగా సరిపోతారు. పిల్లలతో మాట్లాడటం వాళ్లకు అలవాటే.

ఈ ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు, వాటి కింద చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, అత్యవసర నంబరు 112 పెద్ద అక్షరాలతో రాసి మందిరం గోడ మీద అంటించండి. పిల్లల కళ్ల ఎత్తులో అంటించండి. మేం మొదట నోటీసు బోర్డు పైన పెట్టాం. ఆరేళ్ల పిల్ల మెడ ఎత్తినా కనబడలేదు.

నాలుగో పని: ఒప్పందం రాయడం

బయటి దేశాల సంఘాల నుంచి తెచ్చిన ఇరవై పేజీల పత్రాలు కొన్నిచోట్ల చూశాను. అందరూ సంతకాలు పెట్టి ఉన్నారు, ఒక్కరూ చదివి ఉండరు. మీది రెండు పేజీలు దాటకూడదు. ప్రతి వాక్యం "నేను" అని మొదలవ్వాలి. ఏం చేస్తానో, ఏం చేయనో కళ్లకు కట్టినట్టు ఉండాలి. "పిల్లల పట్ల మర్యాదగా ప్రవర్తిస్తాను" అన్న వాక్యం ఎవరినీ ఆపదు.

మేం రాసుకున్న మొదటి మాట ఇది: "నేను ఏ పిల్లతోనూ, ఏ పిల్లవాడితోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండను. విడిగా మాట్లాడాల్సి వస్తే తలుపు తీసి, ఇంకో పెద్దవాళ్లకు కనిపించే చోట కూర్చుంటాను." ప్రార్థన కోసం పిల్లలను పక్క గదిలోకి తీసుకెళ్లడం కూడా దీని కిందికే వస్తుంది. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాలంటే అందరి ముందూ చేయవచ్చు.

రెండోది ప్రయాణం. "ఒక్క పిల్లను నా బండి మీద గానీ కారులో గానీ ఎక్కించుకోను. ఆటోలో దింపేటప్పుడు ఇద్దరు పెద్దలు ఉంటాం. చివరి పిల్ల దిగేదాకా ఇద్దరమూ ఉంటాం." చివరి వాక్యం కోసం మా కమిటీలో గంట సేపు వాదన జరిగింది. రెండో మనిషి ఇల్లు దారిలోనే వస్తే దిగిపోవచ్చు కదా అన్నారు. రాత్రి ఎనిమిదింటికి కాలువ గట్టు మీద దీపాల్లేని రోడ్డులో ఆఖరి పిల్ల ఒక్కతే మిగులుతుంది, కాబట్టి దిగకూడదు.

ఫోను గురించి ఇలా రాశాం: "పిల్లలకు విడిగా వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ పెట్టను. క్లాసు సంగతులు తల్లిదండ్రులున్న గ్రూపులోనే చెబుతాను. ఇంట్లోవాళ్లు ఒప్పుకోకుండా పిల్లల ఫొటోలు, వీడియోలు తీయను, స్టేటస్ పెట్టను." వీబీఎస్ ముగింపు డాన్సుల వీడియోలు ఊరంతా తిరగడం మనకు మామూలైపోయింది. పిల్ల పేరు, ఊరు, ముఖం కలిసి ఎవరి ఫోనులోకి చేరుతున్నాయో మన చేతిలో ఉండదు.

బాత్రూమ్ సంగతి రాయడానికి సిగ్గుపడకండి. చాలా మందిరాల్లో అది వెనకాల, కాలువ వైపు, మరుగ్గా ఉంటుంది. చిన్నపిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ఒక అక్క బయట నిలబడాలి, అన్నయ్యలు ఆ వైపు వెళ్లకూడదు.

దండన గురించి: "కొట్టను, గోడకుర్చీ వేయించను, కులం పేరుతో గానీ రంగు పేరుతో గానీ పిలవను, తండ్రి లేడని, తల్లి గల్ఫ్‌లో ఉందని అందరి ముందూ అనను." ఈ ఆఖరి మాట మా ప్రాంతానికి చాలా అవసరం. కోనసీమలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తుంటే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. చెడు ఉద్దేశం ఉన్న మనిషి ముందు చేరేది అలాంటి పిల్లల దగ్గరికే. చాక్లెట్‌తో, రీచార్జ్‌తో, "మీ అమ్మలాంటిదాన్ని, నాన్నలాంటివాణ్ణి" అనే మాటతో. అందుకే ఇంకో వాక్యం కలిపాం: "ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఏ ఒక్క పిల్లకూ డబ్బులు గానీ కానుకలు గానీ ఇవ్వను."

దయ్యం పట్టిందని పిల్లలను జుట్టు పట్టి ఊపడం, కొట్టడం, పస్తు పెట్టడం, డాక్టరు ఇచ్చిన మందులు మాన్పించడం కొన్ని కూడికల్లో జరుగుతుంది. దీని గురించి రాస్తే కొందరికి కోపం వస్తుందని తెలుసు. పిల్లల సంరక్షణ బాధ్యతలో ఉండి వాళ్లను హింసించడం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద నేరం. ఏ పేరుతో చేసినా హింస హింసే. ఇవేవీ చేయనన్న వాక్యం ఒప్పందంలో ఉండాలి.

చివరి రెండు మాటలు మిగతా అన్నిటికంటే బరువైనవి. ఒకటి: "ఏ పిల్లకైనా హాని జరిగిందని తెలిసినా, అనుమానం వచ్చినా, అదే రోజు ఫిర్యాదులు తీసుకునే ఇద్దరిలో ఒకరికి చెబుతాను. వాళ్లు దొరకకపోయినా, వాళ్లు పట్టించుకోకపోయినా నేనే 1098కి గానీ 112కి గానీ పోలీస్ స్టేషన్‌కు గానీ చెబుతాను." రెండోది: "నా మీద ఫిర్యాదు వస్తే, విచారణ పూర్తయ్యేదాకా పిల్లల సేవ నుంచి తప్పుకుంటాను. ఆ ఇంటికి వెళ్లను, ఎవరి చేతా రాయబారం పంపను." ముందే సంతకం పెట్టిన మాట కాబట్టి, ఆరోజు పక్కన పెట్టినప్పుడు అది తీర్పు చెప్పినట్టు ఉండదు, మనిషికి అవమానమూ కాదు.

ఐదో పని: సంతకానికి ముందు విచారించడం

వాలంటీరు పేరు, చిరునామా, ఆధార్ కాపీ, ఇంతకుముందు ఏ సంఘంలో సేవ చేశారో ఒక ఫారంలో రాయించండి. ఆ సంఘానికి ఫోన్ చేయండి. "మంచివాడేనా అండీ?" అని అడిగితే "బంగారం అండీ" అంటారు. అలా అడగకండి. "మీ దగ్గర ఎందుకు మానేశారు? మళ్లీ మీ పిల్లల క్లాసు ఆయనకు ఇస్తారా?" అని అడగండి. రెండో ప్రశ్నకు జవాబు రావడానికి ఎంత సేపు పట్టిందో గమనించండి.

పిల్లలతో తరచూ పనిచేసే సంస్థలు తమ సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నియమాల్లో ఉంది. జీతం తీసుకునేవాళ్లకు పెట్టిన ఆ కొలతే వాలంటీర్లకూ పెట్టుకోండి, పిల్లకు తేడా తెలియదు. సంఘం లెటర్‌హెడ్ మీద దరఖాస్తు రాసి స్థానిక స్టేషన్‌లో ఇవ్వవచ్చు. కొత్తగా సంఘానికి వచ్చినవాళ్లకు ఆరు నెలలు దాటేదాకా పిల్లల బాధ్యత ఇవ్వకూడదని మా రూలు. ఈలోగా కుర్చీలు వేయడం, విందులో వడ్డించడం లాంటి పనులు ఎన్నో ఉంటాయి.

ఆరో పని: సంతకాలు

కాగితం చేతికిచ్చి "ఇక్కడ పెట్టండి" అనకండి. ఒక ఆదివారం ఆరాధన తర్వాత అందరినీ కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం చదివి, "ఇది మీకు కష్టమనిపిస్తుందా?" అని అడగండి. చదవడం రానివాళ్లు ఉంటే వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించండి. మొదటి సంతకం సంఘం అందరి ముందూ పాస్టర్ గారు పెట్టాలి. మా దగ్గర ఆయన పెన్ను తీసుకున్న తర్వాత మిగతావాళ్లలో ఉన్న "మమ్మల్ని అనుమానిస్తున్నారా" అన్న గుసగుస ఆగిపోయింది.

ఒక్కొక్కరికి ఒక కాపీ ఇవ్వండి. ఇంటర్ చదివే పదహారు, పదిహేడేళ్ల పిల్లలు కూడా మనకు సహాయం చేస్తుంటారు. చట్టం కంటికి వాళ్లూ పిల్లలే. వాళ్లకు విడిగా చిన్న కాగితం రాసి, తల్లిదండ్రుల సంతకం కూడా తీసుకోండి. వాళ్లను పెద్దల లెక్కలో కలపకండి.

సంతకం పెట్టనన్నవాళ్లతో గొడవ పడవద్దు. "మంచిదండీ, పిల్లల పని కాకుండా ఇంకో సేవ చూద్దాం" అనండి. పాత టీచరైనా, పెద్ద కానుక ఇచ్చే కుటుంబమైనా ఇదే మాట.

ఏడో పని: పిల్ల నోరు విప్పినప్పుడు ఏం చేయాలో నేర్పించడం

సంతకం పెట్టినరోజే ఇది కూడా నేర్పండి. పిల్ల చెప్పేటప్పుడు మధ్యలో ఆపకండి. "నిజమేనా?", "నువ్వెందుకు వెళ్లావు?" అనకండి. "చెప్పి మంచి పని చేశావమ్మా, తప్పు నీది కాదు" అంటే చాలు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, ఎందుకంటే చెప్పాల్సిందే. వివరాలు గుచ్చి గుచ్చి అడగడం మన పని కాదు. ఆ పని తెలిసినవాళ్లు చేస్తారు. పిల్ల వాడిన మాటలనే, సరిదిద్దకుండా, తేదీ, టైము వేసి రాసుకోండి. వెంటనే ఫిర్యాదులు తీసుకునే ఆవిడకు చెప్పండి, అదే రోజు పోలీసులకు చేరాలి. పిల్ల చెప్పే మాటలను ఆమె ఇంట్లోనో, ఆమె కోరుకున్న చోటో, వీలైనంత వరకు మహిళా ఎస్సై స్థాయి అధికారి, యూనిఫాం లేకుండా రాసుకోవాలని చట్టంలో ఉంది. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. ఈ మాట ఇంట్లోవాళ్లకు చెబితే సగం భయం తగ్గుతుంది.

చేయకూడనివి ఇంకా ముఖ్యం. ఆరోపణ వచ్చిన మనిషిని పిలిచి "ఇలా అంటోంది, నిజమేనా?" అని అడగకూడదు. పిల్లను అతని ఎదుట నిలబెట్టకూడదు. ఇద్దరినీ మోకరింపజేసి క్షమాపణ చెప్పించకూడదు. పెద్దల పంచాయితీ పెట్టి డబ్బు ఇప్పించడం, పెళ్లి మాట ఎత్తడం ఇంకా పెద్ద పాపం. ఇది రాజీ చేసుకునే కేసు కాదు. పిల్ల పేరు, ఫొటో, ఇంటి గుర్తులు గ్రూపుల్లో పెట్టడం కూడా నేరమే, ప్రార్థన మనవి అని పెట్టినా సరే.

రెండు అభ్యంతరాలు తప్పక వస్తాయి. ఒకటి, విశ్వాసులు ఒకరి మీద ఒకరు లోకస్థుల న్యాయస్థానాలకు వెళ్లకూడదని పౌలు కొరింథీయులకు రాశాడు కదా అని. ఆయన అక్కడ మాట్లాడింది అన్నదమ్ముల మధ్య వ్యాజ్యాల గురించి. పిల్ల మీద జరిగిన నేరం వ్యాజ్యం కాదు. రెండోది, పెద్ద మీద నింద వస్తే ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే వినాలని తిమోతికి రాసిన మాట. అది సంఘం లోపలి క్రమశిక్షణకు చెప్పింది. ఇలాంటి నేరం సాక్షుల ముందు ఎవరూ చేయరు. చట్టం సాక్షులను తెమ్మని మనల్ని అడగదు, తెలిసింది చెప్పమంటుంది. ఈ రెండిటికీ జవాబు ముందే సిద్ధం చేసుకుని, వీలైతే పాస్టర్ గారి నోటే ప్రసంగంలో చెప్పించండి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన కొన్ని రోజులు

డిసెంబరులో క్యారల్స్ రౌండ్లు తెల్లవారుజాము దాకా నడుస్తాయి. పిల్లలు ఎవరి ఇంటి నుంచి బయల్దేరారో, ఎవరి ఇంటికి చేరారో ఒక పుస్తకంలో రాయండి, చేర్చినవాళ్ల సంతకంతో. పన్నెండేళ్ల లోపు వాళ్లను రాత్రి పదికల్లా ఇళ్లకు పంపేయాలని మేం పెట్టుకున్నాం. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి క్యాంపుకు తీసుకెళ్లేటప్పుడు ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి పేర్లు పిలవండి. క్యాంపులో ఆడపిల్లలు, మగపిల్లలు వేర్వేరు గదుల్లో పడుకోవాలి. ఒక్కో గదికి ఇద్దరు పెద్దలు ఉండాలి.

వరద సంగతి ఇంకో రకం. 2022 జూలైలో లంకలు మునిగినప్పుడు చూశాం. మందిరాలు, బడులు పునరావాస కేంద్రాలవుతాయి, అందరూ ఒకే హాల్లో పడుకుంటారు, సహాయానికి బయటి నుంచి ముక్కూ ముఖం తెలియనివాళ్లు వస్తారు. ఆ హడావుడిలో ఎవరినీ ఒప్పందం చదవమనలేం. అందుకే వరద కోసం అర పేజీ కాగితం విడిగా తయారుచేసుకోండి. ఆడవాళ్లకు, పిల్లలకు హాల్లో విడిగా చోటు, రాత్రంతా అక్కడ ఒక లైటు, బాత్రూమ్ దారిలో ఒక స్త్రీ కాపలా, సంఘం బ్యాడ్జీ లేనివాళ్లు పిల్లలను బయటికి తీసుకెళ్లకూడదు. కరెంటు పోతుంది కాబట్టి చార్జింగ్ లైట్లు జూన్‌లోనే కొని పెట్టుకోవాలి.

కాగితాలు దాచడం, ప్రతి ఏడాదీ తిరగరాయడం

సంతకాలు చేసిన ఒప్పందాలు సెక్రటరీ ఇంట్లో బీరువాలో, తాళం వేసి ఉండాలి. ఫిర్యాదుల నోటుబుక్కు విడిగా, ఫిర్యాదులు తీసుకునే ఆవిడ దగ్గర ఉండాలి. కమిటీ మారినప్పుడు లెక్కల పుస్తకాలతో పాటు వీటిని కూడా అప్పగించి, అందినట్టు రాయించుకోండి.

మేం ఏటా ఏప్రిల్ రెండో ఆదివారం, వీబీఎస్‌కు నెల ముందు, ఒప్పందాన్ని మళ్లీ చదివి మళ్లీ సంతకాలు తీసుకుంటాం. ఆ రోజే పెద్ద పిల్లలను కూడా పిలిచి, వాళ్లకు ఎక్కడ ఇబ్బందిగా ఉంటోందో అడుగుతాం. కిందటిసారి ఏడో తరగతి చదివే ఒక పాప, మందిరం వెనక గది తలుపుకు లోపలి గడియ ఎందుకని అడిగింది. ఆ సాయంత్రమే వడ్రంగి వచ్చి గడియ ఊడదీశాడు. తలుపు పైభాగంలో చిన్న అద్దం కూడా బిగించాడు.